లోపల ఎవరూ లేని సందర్శకులు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున ఆయన తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డులో సగం. పళ్ళెంలో ఏదీ మిగల్చని మనిషి సగం గుడ్డు వదిలేసి లేచాడంటే ఇంట్లోవాళ్ళకి అదొక వింత.

"ఆ గుడ్డుతో ఏం పేచీ బాబూ నీకు?" అంది అత్తగారు. "అది నిన్నేమన్నా ప్రశ్నలడుగుతుందా? తినెయ్."

"గొంతు దిగట్లేదు అత్తయ్యా."

"ఇంటర్వ్యూకి భయపడే వయసా ఇది? పిల్లలు భయపడాలి గానీ."

"పిల్లలకెందుకు భయం అమ్మమ్మా?" అంది కూతురు, ఇస్త్రీ చేసిన చొక్కా తండ్రి భుజాలకి ఆనించి చూస్తూ. "వాళ్ళకి ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడుంది. నాన్నకి లేదుగా."

ఆ పిల్ల చదివేది లెక్కలు. కానీ మాటలొచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ వాదనకి దిగుతుందని ఇంట్లో లాయరనే పిలుస్తారు. ఆ రోజు లాయరు అన్నదాంట్లో వాదనేమీ లేదు, ఉన్నమాటే. ఆయన పనిచేసే ఆసుపత్రి, ఉద్యోగం పోకుండా పైచదువుకి సెలవిచ్చేది యాభై ఏళ్ళ లోపువాళ్ళకే. ఆగస్టు వస్తే ఆయనకి యాభై నిండుతాయి. సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ సీటు వస్తే ఈసారి రావాలి. లేకపోతే ఆ ఆశ కట్టిపెట్టాలి.

ఆయన క్యాన్సరు వార్డుల్లో సోషల్ వర్కరు. డాక్టరు నిలబడి గబగబా చెప్పి వెళ్ళిపోయిన సంగతిని కూర్చుని నెమ్మదిగా మళ్ళీ చెప్పడం ఆయన పని. రోగి పక్కన ఉండే మనిషికి రాత్రి తలదాచుకునే చోటు వెతకడం, అలిగి రాని అన్నదమ్ములకి ఫోన్లు చేయడం, ఏడ్చేవాళ్ళ దగ్గర ఆ ఏడుపు ఆగేదాకా ఉండడం కూడా ఆయన పనే. పడుకున్న మనిషితో నిలబడి మాట్లాడకూడదని తనకి తనే ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ మంచం దగ్గరికి వెళ్ళినా ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుని, పక్కనే కూర్చుని, అప్పుడుగానీ నోరు తెరవడు. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమంటే చాలు, వార్డులో సగంమంది "కుర్చీ సారొచ్చారు" అనుకుంటారు. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నాలుగేళ్ళ కిందట ఆయన భార్య పోయింది. అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో. తన బిడ్డకి చేదోడుగా ఉందామని వచ్చిన అత్తగారు ఆ తర్వాత తిరిగి వెళ్ళలేదు. ఉండమని ఎవరూ అడగలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు. ఆవిడ చెప్పులు గుమ్మం పక్కన అలా ఉండిపోయాయి, అంతే. అలా ఉండిపోయినందుకు ఆయన మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నాడో.

పరిశోధనకి ఆయన ఎంచుకున్న విషయం ఇది. ఆసుపత్రిలో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా రోగుల్ని చూడనిస్తారు. ఆ వేళకి వార్డు బయట పొడుగాటి బెంచీల మీద వచ్చి కూర్చునేవాళ్ళలో కొందరికి లోపల ఎవరూ ఉండరు. ఒకప్పుడు ఉండేవారు. మనిషి పోయాక కూడా, నెలల తరబడి మంచం పక్కన గడిపిన అలవాటు ఆ వేళకి కాళ్ళని అటే లాక్కొస్తుంది. వస్తారు, కూర్చుంటారు, గంట కొట్టగానే అందరితోపాటు లేచి వెళ్ళిపోతారు. రోగి పోయిన రోజునే ఆసుపత్రి ఆ ఫైలు మూసేస్తుంది. పక్కన కూర్చున్న మనిషి ఏమయ్యాడో ఏ ఫైల్లోనూ ఉండదు. వాళ్ళు ఎలా బతుకుతున్నారో, ఎవరి ఆసరాతో నిలదొక్కుకుంటున్నారో తెలుసుకోవాలని ఆయన కోరిక. ప్రతిపాదన బాగానే రాశాడు. ఇలాంటివాళ్ళున్నారని తనకెలా తెలిసిందో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.

యూనివర్సిటీ వరండాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళందరూ ఆయన కూతురికి అక్కలూ అన్నల్లా ఉన్నారు. లోపలికి వెళ్ళొచ్చిన ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "కుడివైపు కూర్చున్నాయన కత్తెరండీ బాబూ. నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, కత్తిరించేస్తాడు," అంది. ఆయన చేతిరుమాలు ఇచ్చి, "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా అమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల కష్టసుఖాలు వింటూ ఉండగానే ఆయన పేరు పిలిచారు.

బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో శాఖాధిపతి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ. ఎడమవైపు ఒక యువ లెక్చరరు, ముప్పై అయిదు దాటని మనిషి, ఆమె ముందర ఆయన ప్రతిపాదన, దాని అంచుల నిండా పెన్సిలు రాతలు. కుడివైపు, వరండాలో వాళ్ళు చెప్పిన కత్తెర ప్రొఫెసరు.

లెక్చరరు మొదలుపెట్టింది. "చాలా శ్రద్ధగా రాశారండీ. ఒక్కటి అడుగుతాను. ఇలాంటి మనుషులున్నారని మొదట ఎలా గమనించారు?"

"వార్డు బయట పరిశీలనలో గుర్తించడం జరిగిందండీ."

"ఎవరు గుర్తించారు?"

"సిబ్బంది."

"సిబ్బందంటే?"

"సోషల్ వర్క్ విభాగం."

ఆ విభాగంలో ఉన్నది ఆయనా, ఒక టేబులు ఫ్యానూ.

శాఖాధిపతి ముందుకి వంగింది. "మొట్టమొదట మీ కంటపడ్డ మనిషి గురించి చెప్పండి. ఎవరు? ఏం చేసేవారు? ఎన్నాళ్ళు వచ్చారు?"

"అది బయటికి చెప్పకూడని విషయం మేడం."

"పేరు అడగట్లేదుగా."

"పేరు లేకపోయినా, మేడం..." అని ఆపేశాడు.

ఈలోగా కత్తెర అందుకున్నాడు. "నన్నడగనివ్వండి. మనిషి పోయాడు, ఫైలు మూశారు. ఆ తర్వాత కూడా వాళ్ళ వెంటపడడం దేనికి? అది పరామర్శయ్యా, సోషల్ వర్క్ కాదు. చుట్టాలు చేసుకునే పని మీరు చేస్తానంటారేంటి? అలా ఎవరన్నా వచ్చి అడిగితే మీకైతే బాగుంటుందా? మీకెవరన్నా చేశారా?"

ఆ చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సమాధానం వెతుక్కుంటూ ఆయన ప్రొఫెసరు మొహంలోకి చూశాడు. చూస్తే మరొకటి కనిపించింది. ప్రొఫెసరు మెడ తిప్పడం లేదు, పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరుగుతున్నాడు. చొక్కా కాలరు ఒకవైపే నలిగింది. బల్ల మీద బోర్లించిన ఫోను మీదనుంచి చెయ్యి తీయడం లేదు. ఆ మెడని కుర్చీ సారు వార్డులో రోజూ చూస్తాడు. అది కుర్చీలో కూర్చుని రాత్రి తెల్లారగట్టిన మనిషి మెడ.

"సార్," అన్నాడు, చాలా మామూలుగా. "రాత్రంతా కూర్చునే ఉన్నారా?"

ప్రొఫెసరు నలిగిన కాలరు సరిచేసుకున్నాడు.

"ఎవరికి సార్ బాగాలేదు?"

"మా అన్నయ్యకి," అన్నాడు ప్రొఫెసరు. అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

కుర్చీ సారు లేచాడు. లేచిన సంగతి ఆయనకే తెలియదు. అభ్యర్థి కోసం వేసిన కుర్చీని ఈడ్చుకుంటూ, కీచుమని చప్పుడవుతుండగా, అంత పెద్ద బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ప్రొఫెసరు పక్కన వేసుకుని కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి సార్? ఇంకెవరున్నారు చూసుకోడానికి?" అని అడిగాడు. ప్రొఫెసరు చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా తమ్ముణ్ణి చదివించిన అన్నయ్య గురించి చెప్పాడు. అర్ధరాత్రి లేచి "నువ్వు బడికి వెళ్ళలేదేంరా" అని అడుగుతున్నాడని చెప్పాడు. లెక్చరరు ఏదో అనబోతే శాఖాధిపతి చెయ్యి పెట్టి ఆపింది. కత్తెర గొంతు ఒకచోట తెగింది, మళ్ళీ అతుక్కుంది. బంట్రోతు తలుపు తోసి, "మేడం, తర్వాతివాళ్ళని పంపమంటారా?" అన్నాక గానీ ఎవరూ గడియారం వైపు చూడలేదు.

బయటికొచ్చాక కాసేపు ఆయనకి హాయిగానే ఉంది. మంచం పక్కనుంచి లేచి వచ్చినప్పుడు ఉండే హాయి అది. మెట్లు దిగుతుంటే అసలు సంగతి తట్టింది. పరిశోధన ఎలా చేస్తాడో ఒక్క ముక్క చెప్పలేదు. ఎంతమందిని కలుస్తాడో, ఏం అడుగుతాడో, దేన్ని దేనితో పోలుస్తాడో ఏదీ చెప్పలేదు. తనని పరీక్షించడానికి కూర్చున్న మనిషిని తనే పరామర్శించి వచ్చాడు. కావాలని చెడగొట్టుకుందామనుకున్నా ఇంత చక్కగా కుదరదు.

కింద చెట్టు నీడలో నిలబడి ఉంటే బంట్రోతు ఆయాసపడుతూ వచ్చాడు. "మేడం ఉండమన్నారండీ. అందరిదీ అయ్యాక."

సాయంత్రం శాఖాధిపతి గదిలో ఆవిడ ఒక్కతే ఉంది. బల్ల మీద చల్లారిన టీ.

"కూర్చోండి. కుర్చీ అక్కడే ఉండనివ్వండి," అంది.

ఆయన కుర్చీ మీద చెయ్యి వేయకుండా కూర్చున్నాడు.

"మా ప్రొఫెసరుగారు మీకు మార్కులు వేయనన్నారు. 'నా గోడు వెళ్ళబోసుకున్నాక ఆ మనిషికి ఎక్కువ వేస్తానో తక్కువ వేస్తానో నాకే నమ్మకం లేదు, తప్పుకుంటాను' అన్నారు. కాబట్టి ఈ ఇంటర్వ్యూ చెల్లదు. శుక్రవారం మళ్ళీ పిలుస్తాం, ఆయన బదులు బయటి యూనివర్సిటీ నుంచి ఇంకొకరొస్తారు. ఇది దయ అనుకోకండి, రూలు."

"క్షమించండి మేడం. నేను..."

"ఆగండి. వాళ్ళన్నయ్యకి బాగాలేనప్పట్నుంచీ ఆయన ఇవాళ మధ్యాహ్నమే మొదటిసారి కుదురుగా అన్నం తిన్నారు. దానికి మీరు క్షమాపణ చెప్పొద్దు." ఆవిడ టీ కప్పు పక్కకి జరిపింది. "కానీ మేం అడిగిన ఒక్క ప్రశ్నకైనా మీరు జవాబు చెప్పారా? అన్నీ దాటేశారు. చివరిది మరీ సూటిగా తగిలింది, దాన్ని తిప్పి ఆయన మీదకే పంపించారు. కావాలని చేశారనట్లేదు. ఈ పనిలో ఉన్న మనందరికీ ఉన్న జబ్బే ఇది. ఎదుటివాళ్ళ చేత మాట్లాడించి, మనం వెనకాల దాక్కుంటాం. వార్డులో అది చెల్లుతుంది. పరిశోధనలో చెల్లదు. ఇది ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు అన్నది చెప్పకపోతే మీరు రాసింది ఎవరు నమ్ముతారు?"

ఆయన తల ఊపాడు.

"శుక్రవారం దయచేసి ఎవర్నీ ఓదార్చకండి," అంది ఆవిడ.

ఇంట్లో ఈ సంగతి చెబితే లాయరు నవ్వి నవ్వి సోఫా మీద వాలిపోయింది. ప్రొఫెసరు చెప్పినవేవీ ఆయన చెప్పలేదు, అవి చెప్పకూడనివి. కుర్చీ సంగతి మాత్రం చెప్పాడు.

"బల్ల చుట్టూ లాక్కెళ్ళావా నాన్నా? కీచుమంటూనా? పరువు తీశావు!"

"నవ్వకే పిల్లా," అంది అమ్మమ్మ, తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ. "వాళ్ళడిగింది సబబే బాబూ. శుక్రవారం లోపల ప్రాక్టీసు చెయ్యాలి. ఇప్పుడే చేద్దాం. నేను పెద్ద మేడాన్ని. ఇది చిన్న మేడం."

"అత్తయ్యా, మీకెందుకు ఈ శ్రమ..."

"అభ్యర్థి ఎదురుగా కూర్చోవాలి," అంది లాయరు, కుర్చీ చూపిస్తూ. "దూరంగా."

భోజనాల బల్ల తుడిచి, అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ముందర పాత వార్తాపత్రిక ఒకటి పరుచుకుని దాన్ని ప్రతిపాదనలా ముందుకీ వెనక్కీ తిప్పింది. "మీ పేరేంటి?"

"అత్తయ్యా!"

"పేరు చెప్పడానికే ఇంత నసా? సరే. ఆ బెంచీలవాళ్ళ సంగతి మీకెలా తెలిసింది?"

"వార్డు బయట..." అని ఆగాడు. అత్తగారు కాలు మార్చి కూర్చోవడం కనిపించింది. "మోకాలు మళ్ళీ నొప్పెడుతోందా అత్తయ్యా? ఆ మందు రాసుకున్నారా?"

"అబ్జెక్షన్!" అని బల్ల మీద చెయ్యి కొట్టింది లాయరు. "దాటేశాడు. అమ్మమ్మా, రాసుకో."

"నా మోకాలి జోలికి రాకు బాబూ. అడిగినదానికి చెప్పు."

"అదే... చాలామంది వస్తుంటారు కదా. నీకు రేపు పరీక్ష ఉందన్నావు కదమ్మా, చదువుకోవా?"

"అబ్జెక్షన్, అబ్జెక్షన్. నాకు పరీక్ష ఎల్లుండి."

అత్తగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి పత్రిక మీద పెట్టింది. "సరే, నేనొకటి అడుగుతాను. ఇది ప్రాక్టీసు కాదు. అమ్మాయి పోయాక, ఆ నెలలూ నువ్వు రోజూ సూపు ఫ్లాస్కు పట్టుకెళ్ళేవాడివి. సాయంత్రం తెచ్చి నాకిచ్చేవాడివి. నిండా ఉండేది, మూత కూడా తీసేవాడివి కాదు. అది నేను పారబోసి, కడిగి, పొద్దున్నే మళ్ళీ చేసి పోసిచ్చేదాన్ని. ఎక్కడికి పట్టుకెళ్ళేవాడివి బాబూ దాన్ని?"

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. తండ్రివంక చూసి, అమ్మమ్మవంక చూసింది. "అమ్మ లేదని తెలుసుగా అమ్మమ్మా. మరి నువ్వెందుకు చేసిచ్చావు?"

"ఎక్కడికని అడిగితే మానేస్తాడుగా," అంది ఆవిడ. "మానేయడానికి అప్పటికింకా వేళ కాలేదనిపించింది."

ఇంకొకరి మొహంలోకి చూద్దామంటే ఉన్నవాళ్ళిద్దరే, ఇద్దరూ తననే చూస్తున్నారు.

"అక్కడికే," అన్నాడు చివరికి. "మూడో అంతస్తుకి."

అక్కణ్ణుంచి మాట ఆగలేదు. నాలుగు గంటలయ్యేసరికి కింద తన గదిలో ఉన్న మనిషి ఫ్లాస్కు పట్టుకుని లేచేవాడు. మెడలో ఉద్యోగి కార్డు తీసి జేబులో పెట్టుకునేవాడు. ఎందుకు తీసేవాడో తెలియదు. వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. తెలిసిన నర్సులు చూసినా, పని మీద వచ్చాడనుకునేవారు. అదే ఆసుపత్రిలో పనిచేసేవాడు అక్కడ కూర్చుంటే ఎవరికి వింత? ఒకరోజు కొత్తగా వచ్చిన ఆయమ్మ గచ్చు తుడుస్తూ దగ్గరకొచ్చింది. "ఎవరి తాలూకు సార్?" అని అడిగింది. పదిహేడో మంచం అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "పదిహేడులో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు సార్," అంది. తర్వాత ఆయన చేతిలో ఫ్లాస్కు చూసింది. "అయినా ఇప్పుడే లేవకండి. గచ్చు తడిగా ఉంది, జారుతుంది. ఆరేదాకా కూర్చోండి," అని, ఆయన కాళ్ళ చుట్టూ జాగ్రత్తగా తుడుచుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది.

"అప్పుడు తలెత్తి చూశానత్తయ్యా. నా పక్కన ఒక పెద్దాయన, మడిచిన పేపరు చేతిలో పెట్టుకుని. అవతల ఒకావిడ, ఒళ్ళో దుప్పటి. వార్డు తలుపు తీసినా ఇద్దరూ లేవట్లేదు. ఆయమ్మ వాళ్ళ కాళ్ళ దగ్గరా అంతే నెమ్మదిగా తుడిచింది. వాళ్ళనీ ఏదో ఒక రోజు అడిగే ఉంటుంది. అలా తెలిసింది నాకు."

లాయరు లేచి వచ్చి తండ్రి కుర్చీ వెనకాల నిలబడి, గడ్డం ఆయన నడినెత్తి మీద ఆనించింది.

"ఇదే చెప్పు బాబూ శుక్రవారం," అంది అత్తగారు. పత్రిక మడిచేసింది. "పెద్ద మేడానికి ఇంకేం అడగాలో తోచట్లేదు."

శుక్రవారం వరండాలో కత్తెర ప్రొఫెసరు ఎదురయ్యాడు. ఆగి, ఈసారి మెడ మామూలుగా తిప్పి, "రాత్రి ఇంటికెళ్ళి పడుకున్నానండీ. మా చెల్లెలి కొడుకొచ్చి కూర్చున్నాడు," అన్నాడు. అంతకుమించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, పొడుగ్గా, పొడిదగ్గుతో ఉన్నాడు. ఆ దగ్గు వింటూనే కుర్చీ సారు నాలిక చివరిదాకా ఒక ప్రశ్న వచ్చింది. శాఖాధిపతి కనుబొమలు ఎగరేసింది. ప్రశ్న వెనక్కి వెళ్ళిపోయింది.

"మొదట ఎలా గమనించారు?" అని మళ్ళీ అడిగింది లెక్చరరు.

"మొదటి మనిషిని నేనేనండీ," అన్నాడు. ఆ తర్వాత చెప్పడం ఇంట్లో చెప్పినంత బాగా రాలేదు. మధ్యలో దారి తప్పాడు, ఆయమ్మ దగ్గర ఆగి నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ చెప్పాడు.

దగ్గాయన ఊరుకోలేదు. "అయితే ఇది మీ సొంత కథ. మీ బాధని పరిశోధన అంటారా?"

"అననండీ. నన్ను అందులో లెక్కవేసుకోను. కానీ నేనక్కడ కూర్చున్నవాణ్ణని దాచిపెట్టి వాళ్ళ గురించి రాస్తే అది అబద్ధమవుతుంది. నాకు ఇంట్లో ఫ్లాస్కు కడిగి మళ్ళీ నింపిచ్చే మనిషి ఉంది. అందుకే కొన్నాళ్ళకి మానగలిగాను. ఆ పెద్దాయనకి ఎవరున్నారో నాకు తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

"వెళ్ళి అడిగితే వాళ్ళు రావడం మానేస్తేనో? ఉన్న ఆ ఒక్క చోటూ మీవల్ల పోతే?"

'అడిగితే మానేస్తాడుగా' అని మొన్న రాత్రి అత్తగారు అన్న మాట చెవిలో పలికింది. "అది నాకూ భయమేనండీ. ఎలా అడగాలో, ఎప్పుడు అడగకూడదో నాకింకా తెలీదు. అది నేర్పుతారనే వచ్చాను."

సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి గురించి లెక్చరరు అడిగిన రెండు ప్రశ్నల్లో ఒకదానికి తడబడుతూ చెప్పాడు, రెండోదానికి తెలీదన్నాడు. ఎవరూ నవ్వలేదు. దగ్గాయన ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చేటప్పుడు ఆయన తను కూర్చున్న కుర్చీని ఎత్తి, చప్పుడు కాకుండా బల్ల కిందికి జరిపి వచ్చాడు.

తర్వాతి వారం సాయంత్రం, ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పుతుండగా ఫోను మోగింది. యువ లెక్చరరు. "సార్, సీట్ల జాబితా పెట్టేశాం. మీ పేరుంది. చివర్లో ఉందనుకోండి, కానీ ఉంది. మీకు గైడుగా నన్ను వేశారు, మీకేం అభ్యంతరం లేకపోతే."

"నాకెందుకు అభ్యంతరం మేడం?"

"నన్ను మేడం అనకండి సార్, నా వయసు..."

"మీరు సార్ అనడం మానితే ఆలోచిస్తాను."

ఆమె నవ్వింది. మొదటి పని కూడా అప్పుడే చెప్పేసింది. ఎవరినీ కలవకముందు తన బెంచీ సంగతంతా తనే రాసి ఆమెకి ఇవ్వాలి. అది సిద్ధాంత గ్రంథంలోకి రాదు. ఆయన ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఆమెకి తెలియాలి, అంతే.

ఫోను పెట్టి చూస్తే ఇద్దరూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"చివరి సీటు," అన్నాడు.

"బస్సులో చివరి సీటులో కూర్చున్నవాడూ ఊరు చేరతాడుగా," అంది అత్తగారు. అని, ఉన్నట్టుండి లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర నిలబడింది.

"నాన్నా, మనిద్దరికీ ఒకే నెలలో పరీక్షలుంటాయి," అంది లాయరు. "కాపీ కొట్టావంటే ఊరుకోను. ఇంట్లో టీవీ బందు. ఫోను నాకివ్వాలి. పదింటికల్లా పడుకోవాలి. ఇవన్నీ నువ్వు నాకు పెట్టిన రూల్సే."

"అప్పీలు లేదా?"

"లేదు."

ఆ రాత్రి భోజనాలయ్యాక పిల్ల పుస్తకం మీద తలపెట్టుకుని నిద్రపోతే లేపి పక్క మీదకి పంపించాడు. బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. వారంలో మూడు రోజులు యూనివర్సిటీకి వెళ్ళాలి. ఇంట్లో అత్తగారు పొద్దస్తమానం ఒక్కతే ఉంటుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయనకి తట్టనే లేదు. చెబుదామని తలెత్తితే, ఆవిడ మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"బాబూ, ఒకటి అడగనా? నీ చదువులో ఆ బెంచీ దాకా వచ్చినవాళ్ళే ఉంటారా?"

"అంటే అత్తయ్యా?"

"మెట్లెక్కలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు? నాలుగైతే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేవాళ్ళు?" ఆవిడ చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అలాంటివాళ్ళు కూడా ఉంటారేమో చూడు. ఊరికే అంటున్నా."

ఆయన కలం కింద పెట్టేశాడు. నాలుగేళ్ళుగా ఆవిడ మోకాలు గురించి అడిగాడు, మందుల గురించి, నిద్ర గురించి, ఆకలి గురించి అడిగాడు. బిడ్డ గురించి అడగలేదు. అడగడం తన పని అయిన మనిషి ఇప్పుడు మాట వెతుక్కున్నాడు.

"అడగమంటారా అత్తయ్యా?"

"అడుగు. ఇప్పుడు కాదు. ఇవాళ మంచి కబురు విన్నాను, దాంతోనే పడుకుంటాను." రెండడుగులు వేసి ఆగింది. "రేపు సాయంత్రం తొందరగా వస్తావుగా, అప్పుడడుగు. చెబుతాను. ఎక్కడ మొదలుపెట్టాలో ఈ రాత్రి ఆలోచించుకుంటాను."

"కుర్చీ దగ్గరగా వేసుకోవచ్చా?"

"వేసుకో. ఈడ్వకు, పిల్ల చదువుకుంటూ ఉంటుంది."

ఆవిడ వంటింటి దీపం ఆర్పింది. మనవరాలు పడుకున్న గదిలోకి తొంగిచూసి, ఫ్యాను ఒక గీత తగ్గించింది. తన గదిలోకి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, మెల్లగా తలుపు వేసుకుంది.